మూడేళ్లలో ఇంత చేసిన అన్నా త్సుచియా ఆ తర్వాత పెద్ద స్టార్ ఎందుకు కాలేదు?

నిద్రమత్తు_నాని
నానా అనే జపాన్ యానిమే (బొమ్మల సీరియల్) 47 ఎపిసోడ్లూ పూర్తయ్యాయి. కథ గురించి ఏడవడానికి వేరే థ్రెడ్ ఉంది కాబట్టి ఆ ఏడుపు అక్కడే ఏడ్చాను. ఇక్కడ నా గోల వేరు. మొదటి ఓపెనింగ్ పాట ‘రోజ్’ పాడినావిడ ఎవరా అని వెతికితే అన్నా త్సుచియా అని తేలింది. సరే, రాక్ సింగర్ అనుకున్నా. తీరా చూస్తే 14 ఏళ్లప్పుడే మోడల్. 2004లో షిమోత్సుమా మోనోగతారి అనే సినిమాలో బైకు గ్యాంగు పిల్లగా వేసి జపాన్ అకాడమీలోనూ, బ్లూ రిబ్బన్‌లోనూ కొత్త నటి అవార్డులు పట్టుకుపోయింది. 2006లో నానా పాటలు. 2007లో సకురాన్ సినిమాలో కథంతా తన మీదే. మూడేళ్లలో ఇదంతా! మన దగ్గర ఒక హీరోయిన్‌కి ఇలాంటి మూడేళ్లు పడితే ఆ పైన డేట్ల కోసం నిర్మాతలు క్యూ కడతారు. మరి ఈవిడను జపాన్ వాళ్లు అలా ఎలా వదిలేసుకున్నారు? తెలిసినవాళ్లు చెప్పండి.

ఆవకాయ_రామెన్
వదిలేసుకున్నారని ఎవరు చెప్పారు నీకు? నువ్వు వినలేదు కాబట్టి ఆవిడ లేనట్టేనా?

ఓరుగల్లు_ఒటాకు
నానా చూడ్డానికి నానా తంటాలు పడ్డావన్నమాట.

నిద్రమత్తు_నాని
@ఓరుగల్లు_ఒటాకు ఈ జోకు ఎవరో ఒకరు వేస్తారని తెలుసు. నువ్వే వేస్తావని కూడా తెలుసు.

బ్లాక్‌స్టోన్_భాను
ముందు ఒక విషయం. యానిమేలో బ్లాక్ స్టోన్స్ బ్యాండు గాయని నానా ఒసాకి మాట్లాడే గొంతు రోమి పాకుది. ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్‌లో (అదింకో యానిమే) ఎడ్వర్డ్ గొంతు ఆవిడే. పాట వచ్చేసరికి మాత్రం గొంతు అన్నా త్సుచియాది. అటు పోటీ బ్యాండు ట్రాప్‌నెస్ట్ గాయని రెయిరాకి మాట సనాయె కొబయాషి, పాట ఒలీవియా. అంటే మాటకొకరు, పాటకొకరు. మనకిది పుట్టినప్పటి నుంచీ అలవాటైన పద్ధతే కాబట్టి తేడా పట్టుకోలేదు. నాకు కూడా ఒక మిత్రురాలు చెప్పేదాకా ఇద్దరూ ఒకరేననే అనిపించింది, గొంతులు అంత దగ్గరగా కుదిరాయి.

ఆ సిరీస్ ఓపెనింగులూ ఎండింగులూ ఈ ఇద్దరే పంచుకున్నారు. ‘రోజ్’, ‘లూసీ’, ‘కురోయ్ నమిద’ అన్నావి. ‘విష్’, ‘ఎ లిటిల్ పెయిన్’, ‘వింటర్ స్లీప్’ ఒలీవియావి. కథలో రెండు బ్యాండ్ల మధ్య పోటీ ఉంటుందా, అది క్రెడిట్లలో కూడా నడుస్తుంది. ఇంత బాగా ఆలోచించి పాటలు పెట్టిన సిరీస్ నేను ఇంకోటి చూడలేదు.

పాత_రేడియో
భానుగారు చెప్పినదానికి చిన్న చేర్పు. మన ప్లేబ్యాక్‌లో గాయని పేరు వెనక ఉంటుంది, ముఖం హీరోయిన్‌ది. ఇక్కడ సీడీ మీద ఈవిడ పేరూ, బొమ్మా, పాత్ర పేరూ అన్నీ ఉంటాయి. 'అన్నా త్సుచియా ఇన్‌స్పై నానా, బ్లాక్ స్టోన్స్' అని రైలుబండంత పేరుతో రిలీజ్ చేశారు. మన సుశీలమ్మగారి రికార్డు మీద 'సావిత్రి పాత్రలో' అని వేసినట్టు ఊహించుకోండి.

టోక్యో_తాతబ్బాయి
పాత్ర పేరుతో సీడీ అమ్మడం ఆ రోజుల్లో ఇక్కడ ఒక పెద్ద వ్యాపారం. వరస చూడండి. 2003లో యోమిగయెరి సినిమాలో కోవ్ షిబసాకి గాయని పాత్ర వేసింది, పాట బయటికొచ్చింది పాత్ర పేరు రుయి మీద. నంబర్ వన్. 2005లో నానా సినిమాగా వచ్చినప్పుడు మికా నకషిమా పాడిన ‘గ్లామరస్ స్కై’ సీడీ మీద పేరు 'నానా స్టారింగ్ మికా నకషిమా'. అదీ నంబర్ వన్. అదే సినిమాలో రెయిరాగా యునా ఇతో. 2006లో తైయో నో ఉతా సీరియల్‌లో ఎరికా సవజిరి పాత్ర పేరు కవోరు అమనె, ఆ పేరుతోనే పాట. అదీ నంబర్ వనే.

అన్నా ఆ వరసలో చివర్లో ఎక్కింది. తేడా ఏంటంటే మిగతావాళ్లు తెరమీద ఆ పాత్రలు వేశారు. ఈవిడ వేయలేదు, బొమ్మకి గొంతిచ్చింది అంతే. జనం బుర్రలో నానా అంటే మికా నకషిమా ముఖమే ముద్రపడిపోయింది, ఎందుకంటే సినిమా ముందు వచ్చింది. యానిమే 2006 ఏప్రిల్‌లో మొదలైంది.

బ్లాక్‌స్టోన్_భాను
జపాన్‌లో అలా అయ్యుండొచ్చు. బయట దేశాల్లో మాత్రం రివర్స్. మన బ్యాచ్‌లో ఎవర్ని అడిగినా నానా గొంతు అన్నాదే. సినిమా చూసినవాళ్లు తక్కువ.

చిత్తూరు_చిన్నారి
నేను సినిమా చూశాను, యానిమే చూడలేదు. నాకు మికానే నానా. రండి, కొట్టుకుందాం.

బ్లాక్‌స్టోన్_భాను
@చిత్తూరు_చిన్నారి నిన్ను ఈ థ్రెడ్‌లోకి ఎవరు రానిచ్చారు?

కూర్చుని_చూసేవాడు
నాని అడిగినదానికి నా సమాధానం సింపుల్. మోడల్‌ని మోడల్‌గానే చూస్తారు. అందం ఉంది, స్టైల్ ఉంది, ఒక సినిమాలో సరిపోయే పాత్ర పడింది. అవార్డు కూడా 'కొత్త నటి' అవార్డే కదా. కొత్త అయిపోగానే అయిపోయింది. ఇందులో రహస్యం ఏముంది?

మాచవరం_మాలతి
@కూర్చుని_చూసేవాడు మీరు షిమోత్సుమా మోనోగతారి చూశారా? 'సరిపోయే పాత్ర' అని ఒక్క ముక్కలో తీసిపారేశారు కాబట్టి అడుగుతున్నా.

చూడనివాళ్ల కోసం. దర్శకుడు తెత్సుయా నకషిమా. ఇబరాకి జిల్లాలో షిమోత్సుమా అనే ఊరు, చుట్టూ పొలాలు. అందులో మొమొకో అనే అమ్మాయి, క్యోకో ఫుకదా వేసింది. లేసులూ కుచ్చులూ ఉన్న గౌన్లు వేసుకుని గొడుగు పట్టుకుని పొలం గట్ల మీద నడుస్తుంది. ఆ గౌన్లు కొనడానికి గంటల తరబడి రైళ్లు మారి టోక్యోలో దైకన్‌యామా దాకా పోతుంది. వాళ్ల నాన్న దగ్గర మిగిలిపోయిన నకిలీ బ్రాండ్ బట్టలు ఉంటే డబ్బుల కోసం వాటిని అమ్మకానికి పెడుతుంది. కొనడానికి వస్తుంది ఇచిగో, అంటే మన అన్నా. స్కూటర్ మీద, నేలకి రాసుకునే స్కర్టు, బొంగురు గొంతు, నోరు తెరిస్తే తిట్లు, మాట వినకపోతే తలతో గుద్దుడు.

ఇప్పుడు పాయింటు. ఆ పాత్ర రాతలో కార్టూనే. ఎవరు వేసినా నవ్వొస్తుంది. ఈవిడ చేసిందేంటంటే, అరిచే ప్రతిసారీ ఒక అరక్షణం ముందు బెదురు చూపిస్తుంది. తను పెద్ద రౌడీ కాదని తనకే తెలుసన్నట్టు. మొమొకో తన కోటు మీద కుట్టు పని చేసి ఇచ్చినప్పుడు ఆ ముఖం చూడండి. గ్యాంగులో తిరిగే పిల్ల, స్కూల్లో ఒకప్పుడు అందరి చేతా తిట్లు తిన్న పిల్ల, రెండూ ఒకే ముఖంలో కనిపిస్తాయి. అప్పటికి ఆవిడకి 20 ఏళ్లు. ఇది అందంతో అయ్యే పనేనా?

కూర్చుని_చూసేవాడు
చూడలేదండీ. చూసి మాట్లాడతా.

ఓరుగల్లు_ఒటాకు
ఈ ఫోరంలో ఎవరైనా 'చూసి మాట్లాడతా' అన్నారా! స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

టోక్యో_తాతబ్బాయి
మాలతిగారూ, ఆ ఊరి సంగతి వచ్చింది కాబట్టి. మా ఆఫీసు జపాన్ వాళ్లకి షిమోత్సుమా అంటే ఈ సినిమానే గుర్తొస్తుంది. ఒక సెలవు రోజు నేనూ మా ఆవిడా వెళ్లాం. కాంతో రైల్వే జోసో లైన్ మీద డీజిల్ బండి. టోక్యోకి ఇంత దగ్గరలో కరెంటు బండి లేకపోవడం ఏంటని అడిగితే, ఆ దగ్గర్లో కకియోకా అనే చోట భూమి అయస్కాంతశక్తిని కొలిచే కేంద్రం ఉందట, మామూలు డీసీ కరెంటు లైను వేస్తే వాళ్ల కొలతలు పాడవుతాయని వేయలేదట. కిటికీలోంచి చూస్తే వరిచేలు, కరెంటు స్తంభాలు, మళ్లీ వరిచేలు. మా ఆవిడ 'ఇంత దూరం తీసుకొచ్చి తణుకు చూపించారా' అంది.

సినిమాలో కనిపించే బుద్ధుడి విగ్రహం మాత్రం అక్కడ కాదు, ఉషికులో. పీఠంతో కలిపి 120 మీటర్లు. అదీ ఇబరాకి జిల్లాయే గానీ షిమోత్సుమాకి చాలా దూరం. సినిమా వాళ్లకి దూరాలతో పనేముంది.

తణుకు_తనూజ
తణుకుని ఎందుకు లాగారు మధ్యలో?

టోక్యో_తాతబ్బాయి
పొగడ్తేనండీ. మాదీ ఆ పక్కే.

పాత_రేడియో
నటి పాడటం, గాయని నటించడం జపాన్‌లో కొత్తేమీ కాదు. హిబారి మిసోరా చిన్నప్పటి నుంచీ రెండూ చేసింది. 1962లో సయురి యోషినాగా, యుకియో హషి కలిసి పాడిన పాటకి జపాన్ రికార్డ్ అవార్డు వచ్చింది, ఆవిడ అప్పటికి సినిమా హీరోయిన్. మెయికో కాజి తన సినిమాలకి తనే పాడుకుంది. కిల్ బిల్‌లో వాడిన జపనీస్ పాటలు ఆవిడవే. మనకీ ఉండేవాళ్లు. భానుమతిగారు నటించారు, పాడారు, 1953లో చండీరాణిని మూడు భాషల్లో డైరెక్ట్ కూడా చేశారు. ఆ తర్వాత మన దగ్గర ఆ దారి మూసుకుపోయింది. అక్కడ మూసుకోలేదు.

కాబట్టి నాని ప్రశ్నలో తిరకాసు ఉంది. మూడు పనులు చేసినావిడ ఒక్కదాంట్లో నంబర్ వన్ ఎందుకు కాలేదని అడుగుతున్నాడు.

నిద్రమత్తు_నాని
రేడియోగారూ, సరే. కానీ మూడింట్లోనూ వేగం తగ్గింది కదా? ఆల్బమ్‌లు చూడండి. 2006లో స్ట్రిప్ మీ, 2007లో నానా ఆల్బమ్, 2008లో న్యూడీ షో, 2010లో రూల్. ఆ తర్వాత అంత జోరు లేదు.

బ్లాక్‌స్టోన్_భాను
2008లో జాంబీ సినిమా రెసిడెంట్ ఈవిల్ డీజెనరేషన్‌కి ‘గిల్టీ’ కూడా ఆవిడదే. జాంబీలకి కూడా పాడింది పాపం.

సందేహాల_సుబ్బు
నాదొక పిచ్చి డౌటు. ఆవిడ పేరు అన్నా. అభిమానులు స్టేజి కింద నుంచి 'అన్నా! అన్నా!' అని అరుస్తారా? మన వాడెవడైనా టోక్యో కచేరీకి వెళ్తే లోకల్ లీడరు వచ్చాడనుకుంటాడు.

ఓరుగల్లు_ఒటాకు
అన్నా, నీకో దండం.

మాచవరం_మాలతి
ఇద్దరూ బయటికి నడవండి. విషయానికొస్తా.

సకురాన్ గురించి ఎవరూ మాట్లాడలేదు. నా లెక్కలో ఆవిడ అసలు పని అదే. మొయొకో అన్నో గీసిన మాంగా (జపాన్ కామిక్) దానికి మూలం. దర్శకురాలు మికా నినగావా, అసలు వృత్తి ఫొటోగ్రఫీ, అదే ఆవిడ మొదటి సినిమా. సంగీతం షీనా రింగో. ఎడో కాలం (1603-1868) నాటి యోషివారా, అంటే వేశ్యావాటిక. చిన్నప్పుడే అమ్ముడుపోయిన పిల్ల కియోహా, పారిపోవాలని చూస్తూనే అక్కడి పెద్ద హోదా అయిన ఒయిరాన్ దాకా ఎక్కుతుంది. ఈ కథని బూడిద రంగులో, ఏడుపు వీణతో తీయొచ్చు. వీళ్లు ఎర్ర రంగు, పూలు, గాజు తొట్లలో ఎర్రచేపలు, వెనక జాజూ రాకూ పెట్టి తీశారు. 2007లో బెర్లిన్ పండగలో కూడా వేశారు.

అందులో ఒయిరాన్ ఊరేగింపు ఉంటుంది. మూడు పళ్లున్న ఎత్తైన నల్లటి చెక్క చెప్పులు. పాదాన్ని తిన్నగా వేయరు. పక్కకి, బయటివైపు అర్ధచంద్రంలా గీసి, ఆపి, మళ్లీ ముందుకి లాగుతారు. తల మీద దువ్వెనలూ పిన్నులూ, ఒంటి మీద పొరలు పొరలుగా బట్టలు. తల కదలకూడదు. సరిగ్గా ఇక్కడే మోడలింగ్ అనుభవం కనిపించింది నాకు. బట్టల బరువు మోస్తూ, మోస్తున్నట్టు కనిపించకుండా నడవడం. ముఖంలో మాత్రం 'మీ అందరి అంతూ చూస్తా' అన్న పొగరు. మామూలు నటికి ఈ నడక నేర్పొచ్చు. ఆ పొగరుతో కలిపి నడిపించడం కష్టం.

చిత్తూరు_చిన్నారి
మాలతిగారూ, నాకు మాత్రం సకురాన్ ఫొటో ఆల్బమ్‌లా అనిపించింది. ఏ ఫ్రేమ్ ఆపినా గోడకి తగిలించుకోవచ్చు, కథ మాత్రం ముందుకి కదలదు. అన్నా బాగుంది, కాదనను. అయితే ఇచిగో ఒయిరాన్ వేషం వేసుకుని వచ్చినట్టుంది. అదే గొంతు, అదే కసురు, అదే కాలు మీద కాలు. నాని ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉందేమో. ఒక రకం పాత్రలే ఆవిడకి పడ్డాయి. పొగరు పిల్ల, తిరగబడే పిల్ల, సిగరెట్ పిల్ల. 23 ఏళ్లకి అది ముద్దుగా ఉంటుంది. 33 ఏళ్లకి అలాంటి పాత్రలు రాసేవాళ్లు ఎవరున్నారు?

మాచవరం_మాలతి
@చిత్తూరు_చిన్నారి ఫొటో ఆల్బమ్ అన్నమాట ఒప్పుకోను, కానీ చివరి ముక్క నిజం. రాసేవాళ్లు లేరు. అది ఆవిడ తప్పు కాదు కదా?

చిత్తూరు_చిన్నారి
తప్పని నేనెక్కడన్నాను? కారణం అన్నాను.

ఆవకాయ_రామెన్
ఒకే రకం పాత్రలన్నది కూడా పూర్తిగా నిజం కాదు. 2004లోనే కత్సుహితో ఇషీ తీసిన చా నో అజి ఉంది, బయట టేస్ట్ ఆఫ్ టీ అన్నారు. అందులో ఈవిడది చిన్న పాత్ర. స్కూల్లో కొత్తగా చేరిన అమ్మాయి, గో ఆట ఆడుతుంది, నెమ్మదిగా మాట్లాడుతుంది. హీరో కుర్రాడు చూసి సైకిల్ మీద వర్షంలో పిచ్చెక్కినట్టు తొక్కుకుంటూ పోతాడు. అదే ఏడాది ఇచిగో. రెండు సినిమాలూ ఒకదాని వెంట ఒకటి చూస్తే ఒకే మనిషి అని నమ్మడానికి టైం పడుతుంది. ఆ నెమ్మదితనాన్ని తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. పాపం ఇచిగో మరీ గట్టిగా అరిచేసింది.

సగం_సగం
ఎప్పుడూ చదివి వెళ్లిపోయేదాన్ని, ఇవాళ రాస్తున్నా. ఇంతమంది మాట్లాడారు, ఆవిడ తండ్రి అమెరికన్ అన్న విషయం ఎవరూ ఎత్తలేదు. జపాన్‌లో అలాంటి పిల్లల్ని 'హాఫ్' అంటారు. మ్యాగజైన్లకి హాఫ్ ముఖాలంటే ఎంతో ఇష్టం. సెవెంటీన్ లాంటి టీనేజి పత్రికల్లో పెద్ద కళ్లు, పొడవు కాళ్లు కావాలి. అదే పిల్ల సీరియల్లో పక్కింటి అమ్మాయి పాత్ర అడిగితే, 'జపనీస్ కుటుంబంలో ఇమడవు' అంటారు. అంటే పోస్టరుకి కావాలి, భోజనాల బల్ల దగ్గర వద్దు.

మా కజిన్‌ది దీనికి తిరగేసిన కేసు. విజయవాడలో ఒక చీరల షాపు హోర్డింగుల మీద తనే ఉండేది. తెలుగు పిల్ల, తెలుగు బ్రహ్మాండంగా మాట్లాడుతుంది. సినిమా ఆడిషన్‌కి వెళ్తే గొంతు బొంగురుగా ఉంది, డబ్బింగ్ చెప్పిస్తాం అన్నారు. చేసిన ఆ ఒక్క సినిమాలో తన మాట ఒక్కటీ లేదు. థియేటర్లో మా పెద్దమ్మ పక్కనే కూర్చున్నా. 'ఇదెవరి గొంతే' అని అడుగుతూనే ఉంది సినిమా అంతా.

అందుకే అన్నా విషయంలో నాకు నచ్చేది ఒకటే. ఆ బొంగురు గొంతుని ఎవరూ మార్చలేదు. సినిమాలో అదే, పాటలో అదే.

పాత_రేడియో
@సగం_సగం చాలా మంచి పోస్టు. మీ పెద్దమ్మగారి ప్రశ్న మన పరిశ్రమ మొత్తం మీద వేయాల్సింది.

కూర్చుని_చూసేవాడు
సగం_సగం గారూ, అయితే మోడలింగ్ వల్లే లాభం, మోడలింగ్ వల్లే నష్టం అంటారా?

సగం_సగం
అంత తేలిక లెక్క కాదనుకుంటా. సెవెంటీన్‌లో మోడల్‌గా చేసి నటి అయినవాళ్లు బోలెడుమంది. కెయికో కితగావా 2003లో ఆ పత్రిక పెట్టే పోటీలో మిస్ సెవెంటీన్, తర్వాత పెద్ద హీరోయిన్. సుజు హిరోసె అంతే. మోడలింగ్ అక్కడ ఒక మెట్టు, గోడ కాదు. వాళ్లిద్దరికీ పక్కింటి అమ్మాయి పాత్రలు దొరికాయి, ఈవిడకి దొరకలేదు. అంతే నేను చెప్పేది.

బ్లాక్‌స్టోన్_భాను
సరదా విషయం ఒకటి. అన్నా మోడల్‌గా చేసిన సెవెంటీన్ పత్రిక షూయెయిషా అనే ప్రచురణ సంస్థ వాళ్లది. నానా మాంగా వచ్చిన కుకీ పత్రికా షూయెయిషాదే. 14 ఏళ్లకి ఏ ఇంట్లో బొమ్మగా నిలబడిందో, 22 ఏళ్లకి అదే ఇంటి హీరోయిన్‌కి గొంతిచ్చింది. అది కావాలని చేశారని కాదు, నాకు తమాషాగా అనిపించింది.

సందేహాల_సుబ్బు
ఇప్పుడు సెవెంటీన్ ఉందా? పాత కాపీలు దొరుకుతాయా?

టోక్యో_తాతబ్బాయి
2021లో నెలనెలా అచ్చు ఆపేశారు. ఆన్‌లైన్ వైపు మళ్లారు. పాతవి కావాలంటే టోక్యోలో జింబోచో పాత పుస్తకాల షాపులు చూడు. నీకెందుకు సుబ్బూ అవి?

సందేహాల_సుబ్బు
చరిత్ర మీద ఆసక్తి.

ఓరుగల్లు_ఒటాకు
అవునవును, చరిత్ర.

ఇద్దరు_పిల్లల_తల్లి
ఇంకో కోణం. 2004లో సినిమా విడుదల. అదే ఏడాది పెళ్లి, అదే ఏడాది తొలి బిడ్డ. అవార్డులు తీసుకునే సీజన్‌కి చంటిబిడ్డ తల్లి. దాని తర్వాతే నానా, సకురాన్, ఆల్బమ్‌లు. ఇప్పుడు నలుగురు పిల్లలు. నాని 'వేగం తగ్గింది' అని రాసినప్పుడు నాకు నవ్వొచ్చింది. నాకు ఇద్దరు, నేను ఈ పోస్టు పొద్దున మొదలుపెడితే ఇప్పుడు పూర్తయింది.

అసలు కొత్త హీరోయిన్ 20 ఏళ్లకి తల్లి అయితే మన దగ్గర ఏమంటారో మీకందరికీ తెలుసు. అక్కడా ఏజెన్సీలకి అది పెద్ద గుండెదడ విషయమే. ఆవిడ దాచలేదు, ఆగలేదు.

నిద్రమత్తు_నాని
ఇది నేను చదివాను గానీ తారీఖులు పక్కపక్కన పెట్టి చూడలేదు. గట్టిదే.

చిత్తూరు_చిన్నారి
ఇది గౌరవించాల్సిన విషయమే, కానీ కెరీర్‌కి కారణంగా నిలబడదు. తల్లి అయ్యాకే కదా ఆవిడ మంచి పనంతా వచ్చింది? పిల్లల వల్ల తగ్గిందంటే లెక్క కుదరదు.

ఇద్దరు_పిల్లల_తల్లి
పిల్లల వల్ల తగ్గిందని నేను అనలేదమ్మా. ఎన్ని సినిమాలు చేసిందో లెక్కపెట్టేవాళ్లు ఇది కూడా పక్కన రాసుకోండి అన్నాను.

ఆవకాయ_రామెన్
నా అసలు గొడవ ఇప్పుడు రాస్తా. పాటల వైపు ఎవరూ లోతుగా వెళ్లలేదు. సినిమాకి ముందే ఈవిడ స్పిన్9 అనే బ్యాండులో పాడింది. అంటే 'నటి అయ్యాక పాటల మీద మోజు పుట్టింది' అన్నది తప్పు. సోలోగా 2005లో మొదలుపెట్టింది. ‘రోజ్’ వినండి, మాటలు సగం ఇంగ్లీషు. సాధారణంగా జపాన్ రాక్‌లో ఇంగ్లీషు ముక్కలు అలంకారానికి పెడతారు, పలకడం వాళ్ల పద్ధతిలో పలుకుతారు. ఈవిడ నోట్లో మాత్రం ఇంగ్లీషు ఇంట్లో మాట్లాడుకున్నంత మామూలుగా వస్తుంది. జపనీస్ లైన్లోకి దూకేటప్పుడు గొంతు ఇంకా గరుకవుతుంది. ఆ దూకుడే పాట మొత్తానికి ప్రాణం.

ఇబ్బంది ఎక్కడంటే నానాతో పెనవేసుకుపోయింది. మాంగా 2009లో ఆగింది, దాన్ని గీసే అయి యాజావా ఆరోగ్యం బాగాలేక. ఇప్పటికీ మళ్లీ మొదలవలేదు. యానిమే కూడా 2007 మార్చితో ఆగిపోయింది. రెండో సీజన్ వచ్చుంటే ఈవిడకి ఇంకో నాలుగు పాటలు పడేవి. కథ ఆగిన చోటే బ్యాండ్ కూడా ఆగింది.

బ్లాక్‌స్టోన్_భాను
రెండో సీజన్ గురించి ఎత్తకు. మానుతున్న పుండు.

కూర్చుని_చూసేవాడు
షిమోత్సుమా చూశా. మాలతిగారు చెప్పిన బెదురు కనిపించింది. ముఖ్యంగా పచింకో (జూదం మెషిన్లు) హాల్లో కూర్చున్న సీను. కానీ నాకింకో సంగతి తట్టింది. ఆ సినిమాలో ఫుకదా పక్కన ఉండటం వల్లే ఈవిడ అంత పేలింది. ఒకరు మంచు, ఒకరు నిప్పు. ఫుకదా ముఖం కదలదు, మాట మెత్తగా, మనసు రాయి. ఈవిడ పైకి రాయి, లోపల మెత్తన. సకురాన్‌లో అలాంటి జోడీ లేదు, ఈవిడ ఒక్కతే మోయాల్సి వచ్చింది. చిత్తూరు_చిన్నారిగారికి అందుకే కథ కదలనట్టు అనిపించి ఉంటుంది.

మాచవరం_మాలతి
చూసి వచ్చి మాట్లాడారు, సంతోషం. జోడీ మాట బాగుంది. సకురాన్‌లో మిహో కన్నో, యోషినో కిమురా ఉన్నారు గానీ వాళ్లు వచ్చి పోయేవాళ్లు. కియోహాకి ఎదురుగా నిలబడి చివరిదాకా ఉండే అమ్మాయి లేదు. నిజమే.

చిత్తూరు_చిన్నారి
చూశారా, నేను రాసిందే ఇంకొకరు మర్యాదగా రాస్తే ఒప్పుకుంటారు.

టోక్యో_తాతబ్బాయి
నాని మొదటి ప్రశ్నకి ఇక్కడి నుంచి నా మాట. టీవీ కబుర్ల షోల్లో కనిపిస్తూనే ఉంటుంది, మొహమాటం లేకుండా మాట్లాడుతుంది, నలుగురు పిల్లల తల్లిగా, రాకర్‌గా అందరికీ తెలుసు. మా ఆఫీసులో నలభై దాటినవాళ్లని అడిగితే 'ఆ, షిమోత్సుమా అమ్మాయి' అంటారు. కొత్తగా చేరిన పిల్లల్ని అడిగితే 'టీవీలో గట్టిగా మాట్లాడే ఆంటీ' అంటారు. ఇరవై ఏళ్ల తర్వాత కూడా పేరు చెప్తే ముఖం గుర్తొచ్చే మనిషిని వదిలేసుకున్నారని నేననను. అయితే టీవీలో ఎంత ఎక్కువ కనిపిస్తే సినిమా పాత్రలు అంత తక్కువ వస్తాయి, ఇది ఇక్కడ చాలామందికి జరిగేదే. జనం ఆవిడ్ని ఆవిడగానే చూడ్డానికి అలవాటుపడిపోతారు, ఇంకో మనిషిగా నమ్మరు.

నిద్రమత్తు_నాని
ఈ ముక్క మాత్రం నాకు నచ్చలేదు గానీ నిజంలాగే ఉంది. అంటే ఆవిడ స్టారే, నేను వెతికిన చోట లేదు.

ఆవకాయ_రామెన్
మొదటి పోస్టు కిందే ఇదే అన్నాను కదరా. ఇన్ని పోస్టులు చదివించావు.

సందేహాల_సుబ్బు
చివరిగా ఒకటి. ఏదీ చూడని నాలాంటివాడు ముందు ఏది చూడాలి? ఇంట్లో అమ్మ కూడా పక్కన కూర్చుంటుంది.

మాచవరం_మాలతి
అమ్మగారితో అయితే చా నో అజి. షిమోత్సుమా కూడా ఫర్వాలేదు, తిట్లు సబ్‌టైటిల్స్‌లోనే కదా. సకురాన్ మాత్రం ఒంటరిగా, తలుపేసుకుని. కథ వేశ్యావాటికలోదని పైనే చెప్పాను, తర్వాత నన్నేం అనొద్దు.

ఓరుగల్లు_ఒటాకు
సుబ్బు సకురాన్‌తోనే మొదలుపెడతాడు. చరిత్ర మీద ఆసక్తి కదా.

సందేహాల_సుబ్బు
షిమోత్సుమా డౌన్‌లోడ్ అవుతోంది. అమ్మ 'ఆ గొడుగు పిల్ల బొమ్మేంటి' అని అడిగింది.